ఐన్‌స్టీన్ మళ్లీ తప్పాడట!

ఏడాదికోసారన్నా ఐన్‌స్టీన్ తప్పని తేలిపోతుంటుంది - పేపర్లలో. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయన ఎప్పట్లాగే ఒప్పై కూర్చుంటాడు, కానీ ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. తెలియాలంటే ఏ పదకొండో పేజీలోనో చీరల ప్రకటన కింద వెదుక్కోవాలి.

ఈ బాపతు వార్తల్లో నాకు బాగా గుర్తుండిపోయింది 2011 సెప్టెంబరు నాటి న్యూట్రినోల గొడవ. జెనీవా దగ్గరి సెర్న్‌లో పుట్టించిన న్యూట్రినోలు భూమిలోంచి దూసుకుపోయి, 730 కిలోమీటర్ల అవతల ఇటలీలో గ్రాన్ సాసో కొండ కిందున్న డిటెక్టర్‌ని చేరతాయి. అంత దూరం పోవటానికి కాంతికి 2.4 మిల్లీసెకన్లు పడుతుంది. ఒపెరా అనే బృందం కొలిస్తే న్యూట్రినోలు అంతకన్నా 60 నానోసెకన్లు ముందే వచ్చినట్లు కనబడింది. అంటే కాంతికన్నా వేగం! ఇంకేముంది, ఐన్‌స్టీన్ పనైపోయిందని హోరెత్తించారు. మనోవేగం గురించి మనవాళ్లు ఎప్పుడో చెప్పారంటూ నాకు మెయిళ్లు కూడా వచ్చాయి.

2012 ఫిబ్రవరిలో అసలు సంగతి బయటపడింది. జీపీఎస్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి చేరవేసే ఫైబర్ కేబుల్ ఒకటి సరిగా బిగించలేదు! దానివల్ల 70 పైచిలుకు నానోసెకన్ల తేడా. గడియారంలో ఉన్న ఇంకో లోపం దాన్ని కొంత వెనక్కి లాగింది. రెండూ సరిచేస్తే ఆ 60 కాస్తా ఆవిరైపోయింది. అదే కొండ కిందున్న ఇకారస్ అనే మరో బృందం విడిగా కొలిస్తే వచ్చింది కాంతి వేగమే. సర్వర్ పలక్కపోతే ముందు కేబుల్ చూడమని మనకి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే చెబుతారు కదా, అదే కథ.

కేబుల్ దాకా పోకుండానే అనుమానించటానికి ఓ చిన్న లెక్క చాలు. 1987లో దాదాపు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో ఓ నక్షత్రం పేలింది. 2.4 మిల్లీసెకన్లలో 60 నానోసెకన్లంటే సుమారు నలభై వేలలో ఒక వంతు. ఆ లెక్కన నక్షత్రం నుండి వచ్చిన న్యూట్రినోలు వెలుగుకన్నా నాలుగేళ్లు ముందే రావాలి. వచ్చింది ఓ మూడు గంటల ముందు. అదీ, వెలుగు ఆ నక్షత్రం పొరల్లోంచి బయటపడటానికి ఆలస్యమవుతుంది కాబట్టి. ఆ న్యూట్రినోల శక్తి వేరు, వీటి శక్తి వేరు అనే సందు ఒకటి ఉందనుకోండి. కానీ అంత సన్నటి సందులోంచి ఐన్‌స్టీన్‌ని బయటికి నెట్టటం కష్టం.

ఇందులో ఒపెరా వాళ్లని మరీ తప్పు పట్టలేం. నెలల తరబడి వెదికాం, తప్పెక్కడుందో దొరకలేదు, మీరూ చూడండి అనే వాళ్లన్నది. వాళ్లు ఫైల్ చేసింది బగ్ రిపోర్టు. పేపర్లు దాన్ని రిలీజ్ నోట్ చేసి అచ్చేశాయి.

అలాగని ప్రతిదాన్నీ 'అంతా ఉత్తిదే' అని కొట్టిపారేసే పెద్దమనుషులతోనూ నాకు పేచీ ఉంది. గురుత్వ తరంగాల సంగతి చూడండి. లైగో వాళ్లకి సంకేతం దొరికింది 2015 సెప్టెంబరు 14న, ప్రకటించింది 2016 ఫిబ్రవరి 11న. మధ్యలో ఐదు నెలలు దాన్ని ఎలా పడగొట్టాలా అనే చూశారు. అంతకుముందు 2010లో ఇంకా తమాషా జరిగింది. నలుగురైదుగురు కలిసి డేటాలోకి ఓ దొంగ సంకేతం రహస్యంగా ఎక్కించారు. మిగతావాళ్లంతా నెలల తరబడి విశ్లేషించి, పేపర్ కూడా రాసి సిద్ధం చేసుకున్నాక, కవరు విప్పి ఇది ఉత్తుత్తిదని చెప్పారు. తమని తాము ఇంతలా పరీక్షించుకున్న వాళ్ల మాట నమ్మటానికి నాకేం అభ్యంతరం లేదు.

'ఐతే ఏంటి, నాలుగు రోజుల సరదా వార్తే కదా' అంటారేమో. మా దూరపు చుట్టం ఒకాయన డీజిలూ బొగ్గూ లేకుండా అయస్కాంతాలతోనే కరెంటు పుట్టించే యంత్రంలో పెట్టుబడి పెడతానని బయల్దేరాడు. ఊరికే శక్తి పుట్టదు బాబాయ్ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. 'ఐన్‌స్టీనే తప్పని టీవీలో చెప్పారు, ఇంక మీ ఫిజిక్సు పుస్తకాలేం లెక్క' అన్నాడు. అరెకరం అమ్మి కట్టిన డబ్బు, మళ్లీ రాలేదు. ఆయన చదువుకోనివాడేం కాదు. శాస్త్రమంటే రోజుకో మాట మార్చేదని ఆ వార్తలే ఆయనకి నేర్పాయి. రోజుకో మాట మార్చేవాడి పక్కన నిలబడితే మోసగాడు కూడా పెద్దమనిషిలాగే కనబడతాడు.

2023లో ఎల్‌కే-99 వచ్చినప్పుడూ ఇదే వరస. మామూలు వేడిలోనే సూపర్‌కండక్టర్ అన్నారు, అయస్కాంతం మీద రాయి లేస్తున్న వీడియో చూపించారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా చాలాచోట్ల తయారుచేసి చూస్తే ఆ లక్షణాలేవీ రాలేదు. వింతలు చాలావరకు అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ చలవేనని కొన్ని వారాల్లోనే తేలింది.

కాబట్టి ఈసారి ఇలాంటి వార్త కనబడితే, కనుక్కున్నదెవరని కాకుండా, దాన్ని తప్పని నిరూపించటానికి ఎవరెంత కష్టపడ్డారని చూడండి. ఎవరూ పడకపోతే ఓ ఆర్నెల్లు ఆగండి. నిజమైన భౌతికశాస్త్రం ఆర్నెల్లలో పాచిపోదు.