నమ్ముతారు అంటే ఎవరు?

పదో తరగతికి పాసివ్ వాయిస్ చెప్పేటప్పుడు ఒక చోట నేను కావాలనే ఎక్కువ రోజులు ఆగుతాను. 'పీపుల్ బిలీవ్ దట్' అని మొదలయ్యే వాక్యాన్ని 'ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్' అని మార్చాలి. చివర 'బై పీపుల్' రాయనక్కర్లేదు. పిల్లలు చకచకా మార్చేస్తారు, పరీక్షలో మార్కులూ పడతాయి. కానీ ఆ కొట్టేసిన 'బై పీపుల్' దగ్గరే నా అసలు పాఠం మొదలవుతుంది. నమ్ముతారు సరే, ఎవరు నమ్ముతారు?

దామరచర్ల మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌గా ఇంగ్లిష్ చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది తండాల నుంచి వస్తారు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. లోకం అనుకునే మాటను చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఉన్న పలుకుబడులు వీళ్లకి పాఠ్యపుస్తకం ఉదాహరణలతో ఎక్కవు. భూమి బల్లపరుపుగా ఉందని ఒకప్పుడు నమ్మేవారు అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు రాయించినా అది వాళ్లది కాదు. అందుకే ఉదాహరణలు వాడపల్లి నుంచి తెచ్చుకుంటాను.

మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు వాడపల్లి. అటు ఒడ్డు పల్నాడు. లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్న దీపం ఊగుతూ ఉంటుంది, కింద దీపం నిలకడగా ఉంటుంది. పైది స్వామి ఊపిరికి ఊగుతుందని చెబుతారు. అగస్త్యేశ్వరస్వామి గుడిలో లింగం మీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. ఒక బోయవాడు పిట్టను తరుముకుంటూ వస్తే అది శివుణ్ని శరణు కోరిందట. పిట్టకు బదులు తన తలలో మాంసం తీసుకోమన్నాడట శివుడు. బోయవాడు వేళ్లతో మాంసం తీసిన చోటే ఆ గుంట అయిందని, గాయం కడగడానికి గంగ వచ్చిందని కథ. ఆ నీటి లోతు చూడాలని శంకరాచార్యులు ప్రయత్నించారని కూడా అంటారు.

ఒకసారి ఒక అబ్బాయి నోటుబుక్‌లో ఇలా రాశాడు: 'ఇట్ ఈజ్ బిలీవ్డ్ దట్ ద లాంప్ మూవ్స్ బికాజ్ ఆఫ్ గాడ్స్ బ్రెత్.' వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. అయినా అడిగాను.

"దీపం ఊగుడు నువ్వు చూసినవా?"

"చూసిన మేడం. పండుగకు పోయినప్పుడు."

"స్వామి ఊపిరి చూసినవా?"

కాసేపు ఆలోచించాడు. "లేదు మేడం. మా నాయినమ్మ చెప్పింది."

"మరి రెండూ ఒకే వాక్యంలో ఎందుకున్నయి?"

వాక్యాన్ని రెండుగా విడగొట్టాడు. ఒక దీపం ఊగుతుంది, అంటే 'వన్ లాంప్ ఫ్లికర్స్', దీనికి 'బిలీవ్డ్' అక్కర్లేదు, కన్ను చూసింది. అది స్వామి ఊపిరి వల్ల అన్నదానికి మాత్రమే 'ఇట్ ఈజ్ బిలీవ్డ్'. తర్వాత తనంతట తానే ఇంకో ముక్క చేర్చాడు, 'మై గ్రాండ్‌మదర్ బిలీవ్స్' అని. ఆ చిన్న పేజీలో చూసింది, ఊరు అనుకునేది, ఇంట్లో పెద్దావిడ నమ్మేది మూడూ వేటికవి నిలబడ్డాయి. నాయినమ్మను కించపరచలేదు, ఆమె మాటను తన మాటగా దొంగిలించనూ లేదు. ఈ మెలకువ చాలామంది పెద్దవాళ్లకే లేదు.

ఇదే తరగతిలో ఇంకొకరు 'మూసీ కృష్ణలో కలుస్తుందని నమ్ముతారు' అని రాస్తారు. అది నమ్మకం కాదు, సైకిలెక్కి వెళ్లి చూసి రావచ్చు. అలాగే వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 4,000 మెగావాట్లు, ఒక్కోటి 800 చొప్పున 5 యూనిట్లు, 2015 జూన్ 8న శంకుస్థాపన జరిగింది. వీటి ముందు 'ఇట్ ఈజ్ సెడ్' పెట్టకూడదు. తేల్చుకోగలిగిన సంగతిని కూడా 'అంటారు' వెనక దాచేస్తే తేల్చుకునే శ్రమ ఎవరూ పడరు.

తెలుగు వచ్చిన పిల్లలకు ఈ పాఠంలో ఒక సాయం ఉంది. 'వచ్చారట' అన్నప్పుడు ఆ చివరి 'ట' చేసే పనే ఇంగ్లిష్‌లో 'ఈజ్ సెడ్ టు హావ్ కమ్' చేస్తుంది. శంకరాచార్యులు వచ్చారట అని నోటితో అనిపించాకే ఇంగ్లిష్ రాయిస్తాను. 'టు హావ్' ఎందుకొచ్చిందో వేరే చెప్పాల్సిన పని ఉండదు.

నన్ను బాగా బాధపెట్టేది 'సూపర్‌స్టిషన్' అన్న మాట. పిల్లలకు నమ్మకాల గురించి ముందు దొరికే మాట అదే. వానాకాలంలో తండాల్లో తీజ్ పండుగ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోస్తూ తొమ్మిది రోజులు పెంచుతారు. మొలక ఏపుగా వస్తే పంట బాగుంటుందని, మంచి సంబంధం వస్తుందని అంటారు. ఒక అమ్మాయి దీని గురించి చాలా చక్కగా రాసి, చివర 'దిస్ ఈజ్ ఎ సూపర్‌స్టిషన్ ఆఫ్ అవర్ పీపుల్' అని ముగించింది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"నువ్వు బుట్ట పెట్టినవా ఈసారి?"

"పెట్టిన మేడం. మస్తు మొలిచింది." ముఖం వెలిగిపోయింది.

"మరి మూఢనమ్మకమని రాసినవేంది?"

"ఇంగ్లిష్‌ల అట్లనే రాయాలె గదా మేడం."

ఇంగ్లిష్‌లో అలాగే రాయాలి అన్న ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సొంత అమ్మ చేతి పండుగను పరాయి కంటితో చూడడమే ఇంగ్లిష్ రావడం అనుకుంటోంది ఆ పిల్ల. ఆ భాషకు అంత అధికారం ఎవరూ ఇవ్వలేదు. 'వి బిలీవ్' అని రాయొచ్చు. 'ఎల్డర్స్ ఇన్ అవర్ తండా సే' అని రాయొచ్చు. నమ్మకం లేకపోతే 'సమ్ బిలీవ్, బట్ ఐ యామ్ నాట్ షూర్' అనొచ్చు. ఆమె 'వి బిలీవ్' ఎంచుకుంది.

అన్ని నమ్మకాల దగ్గరా ఇంత మెత్తగా ఉండను. మాది వరిపొలాల సీమ, పాములెక్కువ. మంత్రం వేస్తే విషం దిగుతుందన్న మాట దగ్గర 'ఇట్ ఈజ్ బిలీవ్డ్' అని రాస్తే ఒప్పుకోను. అక్కడ రాయాల్సింది 'ఇట్ ఈజ్ ఎ డేంజరస్ మిస్‌కన్సెప్షన్'. పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. అలా బతికినవాళ్ల పేరు మంత్రం ఖాతాలో పడుతుంది. కట్లపామో రక్తపింజరో కరిస్తే మాత్రం మంత్రగాడి ఇంట్లో పోయే ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది. పనిచేసేది ఆస్పత్రిలో ఎక్కించే విరుగుడు మందు ఒక్కటే. ఈ కారణమంతా రాయగలిగితేనే 'మిస్‌కన్సెప్షన్' అనే హక్కు వస్తుందని పిల్లలకు చెబుతాను. ఎదుటివాడి నమ్మకం తప్పనేవాడు ఎందుకు తప్పో చెప్పాలి కదా.

'కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్' నేర్పడానికి మూసీయే పనికొచ్చింది. హైదరాబాద్ మురుగే మూసీ అనుకునేవాళ్లు మా దగ్గర చాలామంది. నిజానికి అది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం దాటి ఇంత దూరం వస్తుంది. తరగతిలో మ్యాపు మీద వేలు పెట్టి కొండ నుంచి వాడపల్లి దాకా గీసుకుంటూ రమ్మంటాను.

'కన్వెన్షనల్ విజ్‌డమ్' కొంచెం పెద్ద తరగతుల పిల్లలకు, ఇంటర్ చదువుతూ సాయంత్రం వచ్చేవాళ్లకు చెబుతాను. ఆ మాటకు ప్రచారం తెచ్చింది ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్, 1958లో వచ్చిన పుస్తకంతో. 1961 నుంచి 1963 దాకా ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్నాయన. ఆ మాట వినడానికి పొగడ్తలా ఉన్నా, వాడేది సాధారణంగా ప్రశ్నించబోయేటప్పుడే. వినడానికి హాయిగా ఉంటుంది కాబట్టి అందరూ ఒప్పేసుకున్న ఆలోచన అని ఆయన ఉద్దేశం. సాగర్ ఎడమ కాలువ కింద రైతు ఇంటి పిల్లలకు దీనికి ఉదాహరణ ఇట్టే దొరుకుతుంది. యూరియా ఎంత చల్లితే అంత పంట. కానీ మోతాదు మించితే పైరు పడిపోతుందని, దోమపోటు, తెగుళ్లు పెరుగుతాయని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉంటారు. ఒక అబ్బాయి ఈ వాక్యం రాసుకుని ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నతో వాదన పెట్టుకున్నాడు. గెలిచాడో లేదో నేను అడగలేదు. పక్క పొలంలో పడిపోయిన వరిని చూపించి మాట్లాడానని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు శనివారాలు చివరి పీరియడ్‌లో ఇంగ్లిష్ పేపరు పంచుతున్నాను. 'ఇట్ ఈజ్ లర్న్‌ట్ దట్', 'సోర్సెస్ సే', 'ఇట్ ఈజ్ వైడ్లీ బిలీవ్డ్' కనిపించిన ప్రతిచోటా ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, పక్కన 'బై హూమ్?' అని రాయాలి. వార్తలోనే జవాబు దొరికితే దాని చుట్టూ సున్నా చుట్టాలి. మొన్న ఒక పేజీ తిరిగొచ్చింది, నిండా గీతలే, రెండంటే రెండే సున్నాలు. ఆ పేజీ తెచ్చిన పిల్ల వచ్చే వారం తెలుగు పేపర్లో 'అని తెలుస్తోంది' గీస్తానంది. సరేనన్నాను.