మంచు అడవికి లఘువు గురువు

మా ఇంట్లో మాట తెలుగు, మేము చదివిన బడి కన్నడం. ఛందస్సు కూడా కన్నడంలోనే నేర్చుకున్నాం, యమాతారాజభానసలగం అని వేళ్ళు మడిచి. ఉత్పలమాల, చంపకమాల రెండు భాషలకూ ఉన్నవే కాబట్టి, అమ్మ చెప్పే భాగవత పద్యాలకు లెక్క మాకు ఆ బడిలోనే దొరికింది. తెలుగు అక్షరాలు మాత్రం ఉద్యోగంలో చేరినాకే వచ్చినాయి.

పాపది ఇంగ్లీషు మీడియం. ఈసారి దాని పాఠంలో రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యం వచ్చింది. 1923లో అచ్చయినది, మంచు పడే సాయంత్రం అడవి దగ్గర గుర్రాన్ని ఆపి నిలబడిన మనిషిది. మీటరు, రైమ్ స్కీము రాయాలంట.

పాదానికి ఎనిమిది అక్షరాలు. తేలిక, ఊనిక, తేలిక, ఊనిక అని నాలుగు జతలు. మన లెక్కలో జ-ర-ల-గ, అంటే ప్రమాణిక వృత్తం! దాన్ని రెండింతలు చేస్తే పంచచామరం, శివతాండవ స్తోత్రం నడక. టేబుల్ మీద తట్టి చూపిస్తే పాప నవ్వింది. అయితే రెండూ ఒకటే అనుకోకండి. మన గురువు పలికే కాలాన్ని బట్టి. దీర్ఘమో, సున్నా ఉందో, వెనక ఒత్తు ఉందో కంటితోనే తేల్చొచ్చు. వాళ్ళది ఊనిక, చెవిపెట్టి వినాల్సిందే. ప్రెజెంట్ అనే మాటలో ముందు ఊనితే బహుమతి, వెనక ఊనితే ఇవ్వడం. స్పెల్లింగు అదే. టెస్టింగ్ చేసే మా బుద్ధికి ఇది చికాకే.

ప్రాసలో మాత్రం ఆయన పనితనం మెచ్చాలి. మొదటి చరణంలో 1, 2, 4 పాదాల చివర ఒకే ప్రాస, మూడోది ఒంటరి. ఆ ఒంటరి ధ్వనే రెండో చరణానికి ప్రాస అవుతుంది, ఒక మాడ్యూల్ అవుట్‌పుట్ ఇంకోదానికి ఇన్‌పుట్ అయినట్టు. ఇట్లా పోతే ఆగేదెక్కడ? నాలుగో చరణంలో నాలుగు పాదాలకూ ఒకే ప్రాస పెట్టి, చివరి పాదాన్నే రెండుసార్లు చెప్పి గొళ్ళెం వేసినాడు.

"మరి అవ్వ పద్యంలో చివర రైమ్ లేదే?" అని పాప అడిగింది. మనకు ప్రాస తలలో, రెండో అక్షరంలో ఉంటుందన్నాం.

ఇన్నాళ్ళూ అమ్మ పద్యం ఎత్తుకుంటే పాప లేచి వెళ్ళిపోయేది. అమ్మకూ ఈమధ్య పాదాలు జారిపోతున్నాయి. ఆరోజు అమ్మ చెప్తుంటే మేము కన్నడ అక్షరాల్లో రాసిచ్చినాం, పాపకు అవే వస్తాయి. మూడో పాదం ఎత్తుగడ అమ్మకు గుర్తు రాలేదు. పాప పై రెండు పాదాలు చూసి, "రెండో అక్షరం ఇదే ఉండాలి అవ్వా" అంది. అమ్మ కళ్ళు మూసుకుని ఒకటి, రెండు మాటలు అనుకుని చూసింది. మూడోది కుదిరింది.

నాలుగో పాదం ఇంకా రాలేదు.