రాంనగర్ దగ్గరయ్యేకొద్దీ

డల్లాస్‌లో బయల్దేరేముందు హైదరాబాద్ రాంనగర్‌లోని పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు ఇప్పటికీ ల్యాండ్‌లైనే. అమెరికా ల్యాండ్‌లైన్ నుంచి ఆ ఇంటికి 15 అంకెలు నొక్కాలి. అమెరికా దాటడానికి 011, మన దేశానికి 91, హైదరాబాద్‌కు 40, ఆపైన ఇంటి నంబరు ఎనిమిది అంకెలు. 40కి ముందు సున్నా రాకూడదు. అది దేశం లోపల చేసే కాల్స్‌కే. 91 నొక్కగానే దేశంలోకి వచ్చేశాం కనుక ఇక దానితో పని లేదు.

దోహాలో విమానం మారాను. ఖతార్‌లో 011 చెల్లదు, 00 నొక్కాలి. దుబాయ్‌లోనూ లండన్‌లోనూ అంతే. ఒక అంకె తగ్గి 14 అయింది.

శంషాబాద్‌లో దిగి ఇక్కడి సిమ్ వేసుకున్నాక 040, ఆ ఎనిమిది అంకెలు. అంటే 11. పెద్దమ్మ పక్కవీధి ల్యాండ్‌లైన్‌కు చేస్తే ఎనిమిదే చాలు. ఇల్లు దగ్గరపడేకొద్దీ నంబరు పొట్టిదవుతుంటే నాకెంత సంబరమో!

నారాయణగూడ చౌరస్తా నుంచి ఆటోలో చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా వెళ్లాను. రాంనగర్ గుండు దగ్గర దిగి నడుస్తుంటే ఒక పాత దుకాణం బోర్డు మీద ఏడంకెల నంబరు కనిపించింది. 2000ల తొలినాళ్లలో ల్యాండ్‌లైన్ నంబర్లకు ముందు 2 చేర్చారు. ఆ బోర్డుకు మాత్రం ఎవరూ చేర్చలేదు.

పెద్దమ్మ డైరీలో ఒక పేజీ చూడాలి! మా అన్న అమెరికా వెళ్లిన కొత్తలో అతనికి ఇంటి నంబరు రాసి పంపడానికి ఆమె పెట్టుకున్న పేజీ అది. మొదట నీలం సిరాతో 91-842. అప్పట్లో హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 0842. అది కొట్టేసి పైన 40. కింద ఏడంకెల నంబరు ముందు ఇరుకు జాగాలో ఎర్ర బాల్‌పెన్నుతో 2.

"మారినప్పుడల్లా మీ అన్నకు ఉత్తరం రాసిన బిడ్డా. తప్పు నంబరు కొడితే ఎవరికో పోతది గద!" అంది.

తర్వాత నా మొబైల్ మోగుతుందో లేదో చూస్తానని ఫోన్ ఎత్తి, ముందు సున్నా నొక్కి, ఆపైన పదంకెలు నొక్కింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే సున్నా తప్పనిసరి. డెబ్బై దాటిన మనిషి వేలు ఎక్కడా తడబడలేదు.

విదేశాల్లో పిల్లలున్నవాళ్లకు నా మనవి. మీ నంబరును ప్లస్ గుర్తుతో సేవ్ చేయించండి. మొబైలైతే +91, తర్వాత పదంకెలు. ల్యాండ్‌లైనైతే +91, సున్నా తీసేసిన ఊరి కోడ్, ఆపైన నంబరు. హైదరాబాద్‌కు 40, వరంగల్‌కు 870, విజయవాడకు 866, విశాఖకు 891. మొబైల్‌లో ఆ ప్లస్ ఉంటే 011 అయినా 00 అయినా పిల్లలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. శుభలేఖల మీద కూడా అలాగే అచ్చు వేయించండి.