నెత్తిమీది ఒకటి

2001 జనాభా లెక్కల్లో కోలారు జిల్లా జనం 25,36,069. 2011లో 15,36,401. ఆ పది లక్షలమందీ ఎక్కడికీ పోలేదు. 2007లో బాగేపల్లి, చింతామణి వగైరా ఆరు తాలూకాలు చిక్కబళ్లాపురం జిల్లాగా విడిపోయాయి. మా ముళబాగిలు కోలారులోనే ఉండిపోయింది.

పట్టికలో ఈ సంగతి చెప్పేది 2001 నెత్తిన కూర్చున్న చిన్న 1, కింద దాని వివరణ. మా బ్యాంకు రిపోర్టుకు ఇంగ్లీషులో పట్టిక వేసిన కుర్రవాడు శీర్షికను ఫార్ములాతో కూర్చాడు. ఎక్సెల్‌లో ఫార్ములా ఉన్న గడిలో ఒక మాటను మాత్రమే వాల్చడం, ఒక అంకెను మాత్రమే పైకెత్తడం కుదరదు. సంవత్సరం కాస్తా 20011 అయింది! ఆ 1 తీసేస్తానన్నాడు. తీసేస్తే, జనం తగ్గిన ఊళ్లకు అప్పులెందుకని పైవాళ్లు అడగరూ?

ఫార్ములా తీయించి, మాటలు నేరుగా కొట్టించాను. జనాభా అన్న మాట వాలుగానే ఉంచాడు. (తెలుగక్షరాన్ని అలా వాలిస్తే పడబోతున్నట్టుంటుంది నాకు.) అంకెకు బదులు నక్షత్రం పెట్టించాను. అది కిందికి జారినా సంవత్సరంలో కలవదు.