మణయ్య యాడికి పోయినాడు?

ఉగాదికి పంచిన సభ్యత్వ కార్డుల్లో కొందరి పేర్లు తెగిపోయి వచ్చాయి. ప్రెస్సు వాళ్లది తప్పని కొందరు, ఫాంటుది తప్పని కొందరు అన్నారు. రెండూ కాదు, తప్పు నాది. కార్డులు మళ్లీ అచ్చేయించాం కాబట్టి ఇంతటితో వదిలేయొచ్చు. కానీ మన హోసూరు పిల్లలు చాలామంది రోజూ బెంగళూరు వెళ్లి చేసే ఉద్యోగం ఇలాంటిదే. వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఫోన్ చేసినది ఒక పెద్దాయన. అసలు పేరు ఎందుకు గానీ, వేంకటరమణయ్య అనుకోండి. కార్డు మీద ‘వేంకటర’ అని, దాని పక్కన నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చింది. “ఏమప్పా, మణయ్య యాడికి పోయినాడు?” అని అడిగాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “రేషన్ కార్డులో పేరు అరవంలో ఉండాది, బ్యాంకు బుక్కులో ఇంగ్లీషులో ఉండాది. తెలుగులో నా పేరు పడేది ఈ కార్డు మీద ఒక్కటే కదప్పా” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

జరిగింది ఇదీ. సభ్యుల జాబితా నుంచి కార్డుకు కావలసిన వివరాలు తీసే స్క్రిప్టు నా మ్యాక్ మీద రాశాను. పేరుకు 20 అక్షరాల చోటుంది కాబట్టి ‘కట్ మైనస్ సీ 1-20’ అని పెట్టాను. కట్ అనేది వరుసలోంచి కావలసిన ముక్క తీసిచ్చే చిన్న పనిముట్టు. నా మెషీన్‌లో పేర్లన్నీ నిండుగా వచ్చాయి. పండుగ ముందు నేను ఊళ్లో లేను. మన కుర్రాడొకడు అదే స్క్రిప్టును తన ఉబుంటు ల్యాప్‌టాప్‌లో నడిపాడు.

నడిపిన వెంటనే సెడ్ దగ్గర ఆగిపోయింది. ఫైలును ఉన్నచోటే దిద్దడానికి ‘మైనస్ ఐ’ వాడాను. మ్యాక్‌లో దాని తర్వాత బ్యాకప్ పేరు చెప్పాలి, అక్కర్లేకపోతే ఖాళీ కోట్లు పెట్టాలి. లైనక్స్ సెడ్ ఆ ఖాళీ కోట్లనే ఆజ్ఞ అనుకుంది, అసలు ఆజ్ఞను ఫైలు పేరనుకుని అలాంటి ఫైలు లేదంది. ఆ అబ్బాయి ఫోన్ చేశాడు, ఒక్క నిమిషంలో సరిచేశాం. అరిచే తప్పుతో బాధ లేదు. కట్ అరవలేదు. 180 కార్డుల పేర్లూ చకచకా ఇచ్చేసింది. పై వరుసల్లో ‘అ’తో మొదలయ్యే చిన్న పేర్లు. అవి బాగానే ఉన్నాయి, చూసి ప్రెస్సుకు పంపేశాడు.

ఇలాంటి తేడాలు రాకూడదనే పోసిక్స్ అనే ప్రమాణం పుట్టింది. యునిక్స్‌ను ఒక్కో కంపెనీ ఒక్కోలా మార్చుకుంటూ పోతే, ఒకచోట రాసినది ఇంకోచోట నడవని రోజులవి. మొదటి ప్రమాణం 1988లో వచ్చింది. షెల్, కట్, సెడ్ లాంటి పనిముట్ల సంగతి 1992లో చేరింది. ఏ పనిముట్టుకు ఏ ఆప్షన్లు తప్పక ఉండాలో, అవి ఏం చేయాలో అందులో రాసి ఉంటుంది. ఎవరైనా అదనంగా చేర్చుకోవచ్చు. సెడ్‌లో ఈ మైనస్ ఐ అలా చేరినదే, అందుకే తలా ఒక దారి. ప్రమాణంలో లేనిదాన్ని వాడాను కాబట్టి అక్కడ తప్పు పూర్తిగా నాదే. బళ్లారి వాళ్లు, బరంపురం వాళ్లు, యానాం వాళ్లు ఒక పెళ్లిలో కలిస్తే అందరికీ తెలిసిన మాటలే వాడుకుంటారు కదా, స్క్రిప్టూ అలాగే రాయాలి.

కట్ సంగతి వేరు. మైనస్ బీ అంటే బైట్లు, మైనస్ సీ అంటే క్యారెక్టర్లు అని పోసిక్స్ స్పష్టంగా విడదీసింది. నేను ప్రమాణం ప్రకారమే రాశాను. మ్యాక్‌లోని కట్ దాన్ని పాటించింది. ఆ ల్యాప్‌టాప్‌లోని గ్నూ కట్‌కు మాత్రం రెండూ ఒకటే, రెండూ బైట్లే. దాని మాన్యువల్‌లో ‘ప్రస్తుతానికి’ అంతేనని ఒప్పుకున్నారు కూడా. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, కాబట్టి ఇంగ్లీషు పేర్లతో ఎన్నేళ్లు వాడినా ఈ తేడా బయటపడదు. యూటీఎఫ్-8లో మన ‘క’కు 3 బైట్లు. 20 బైట్లలో ఆరు గుర్తులు పట్టి, ఏడోది నడుమకు తెగిపోతుంది. ఆ తెగిన ముక్కే నల్ల డైమండ్. మ్యాక్‌కు యునిక్స్ సర్టిఫికెట్ 2007 నుంచీ ఉంది, లైనక్స్‌లు ఎక్కువగా ఆ జోలికి పోవు. ఆ కాగితాన్ని నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు.

అలాగని ప్రమాణం పాటిస్తే మన పేర్లకు పూర్తి న్యాయం జరుగుతుందనీ కాదు. వేంకటరమణయ్యను వేళ్ల మీద లెక్కపెట్టండి: వేం, క, ట, ర, మ, ణ, య్య, ఏడు అక్షరాలు. పోసిక్స్ లెక్కలో 11 క్యారెక్టర్లు, ఎందుకంటే ఏత్వం వేరు, సున్న వేరు, పొల్లు వేరు. బైట్లయితే 33. మైనస్ సీకి పది చాలని చెబితే, ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించిన కట్ కూడా ఆయన్ని ‘వేంకటరమణయ్’ చేసి వదిలేస్తుంది. మనం అక్షరం అనేదాన్ని కొలిచే ఆప్షన్ ఆ పనిముట్టులో లేదు.

చివరికి కట్‌నే తీసేశాను. పేరు పొడవైతే కార్డులోనే రెండో వరుసకు వస్తుంది. సెడ్ చేత వేరే ఫైలులోకి రాయించి, పాత ఫైలు స్థానంలో పెడుతున్నాను. జాబితాలోని అన్నిటికన్నా పొడవైన పేరుతో రెండు మెషీన్లలోనూ నడిపి చూశాకే ప్రెస్సుకు పంపాం. ఆ కుర్రాడు తనదే తప్పని నాలుగు రోజులు మొహం చాటేశాడు. దయచేసి ఎవరూ వాడినేమీ అనకండి.

కొత్త కార్డు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని, పేరు కింద గోరుతో గీస్తూ ఒక్కో అక్షరమే చదివాడు. చివర ‘య’ కింది వత్తు దగ్గర ఆగి, “ఇదీ పడింది” అన్నాడు. కాఫీ తాగి వచ్చేశాను.