హోంస్కూలింగూ, పాలమూరు పత్తి చేలూ

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉండాలా వద్దా? ఈమధ్య మా ఆఫీసులో నలుగురం టీ దగ్గర చేరితే ఇదే గొడవ. నాకు తెలిసిన ఐటీ జంటల్లో రెండు మూడు కుటుంబాలు ఇప్పటికే ఈ దారి పట్టాయి. వాళ్ళ వాదన కొట్టిపారేసేదేం కాదు. లక్షల్లో ఫీజు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ఐదింటికి తోటకూర కాడలా వాలిపోయి దిగే పిల్ల... ఆ డబ్బూ ఆ టైమూ మేమే పెడితే ఇంతకంటే బాగా చెప్పుకోగలం అంటారు. నిజమే, చెప్పుకోగలరు. ఢిల్లీకి చెందిన సహల్ కౌశిక్ అనే కుర్రాడు చాలా ఏళ్ళు ఇంట్లోనే చదువుకుని 2010లో, పద్నాలుగేళ్ళకే, ఐఐటీ ప్రవేశ పరీక్షలో 33వ ర్యాంకు తెచ్చుకున్నాడు. ఈ వాదన మొదలైతే ఆ పేరు రాకుండా ఉండదు.

ఐతే మేం మాట్లాడుకునేదంతా గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా ఉన్న పిల్లల గురించే. చట్టం అక్కడితో ఆగదు కదా! మాది నల్గొండ జిల్లా, అమ్మ తరఫు వాళ్ళది పాలమూరు. మా దిక్కు "పిల్ల ఇంటికాడ ఉంటది" అనే మాటకి అర్థం వేరు. ఆ అర్థాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ చర్చ ఎటు పోతుందో చూద్దామని నా ప్రయత్నం.

ముందు చట్టం సంగతి. 2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య హక్కు అయింది. దాన్ని అమలు చెయ్యడానికి 2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో 10వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే? తల్లిదండ్రులకి శిక్షంటూ ఏమీ రాయలేదు. అదే 18వ సెక్షన్ చూడండి, గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఇంకా నడుపుతూ పోతే రోజుకి పదివేలు. హోంస్కూలింగ్ అనే మాట మాత్రం చట్టం మొత్తంలో ఎక్కడా లేదు. ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. మా భాషలో చెప్పాలంటే ఆ కేసుని ఎవరూ హ్యాండిల్ చెయ్యలేదు.

ఆచరణలో దీని ఫలితం ఏంటంటే, తెలిసినవాడికి దారి ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారానో, మన రాష్ట్రపు ఓపెన్ స్కూల్ ద్వారానో నేరుగా పదో తరగతి రాసుకోవచ్చు. అప్పటిదాకా పిల్ల ఏం చేస్తోందని అడిగేవాడే లేడు. మా ఆఫీసులో ఒకాయన ఎనిమిదేళ్ళ కూతుర్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నాడు. "అన్నా, రేపు ఎవరన్నా వచ్చి పాప ఏ బడి అని అడిగితే ఏం చెప్తవు?" అన్నాను. "ఇల్లే బడి అని చెప్తా. ఐనా అడగనీకి ఎవడొస్తడు తమ్మీ!" అని నవ్వేశాడు.

ఎవడొస్తడు! అసలు సమస్య ఈ మాటలోనే ఉందని నాకనిపిస్తుంది.

మా మామ గద్వాల దిక్కు సర్కారు బడి పంతులు. ప్రతి జూన్‌లో బడిబాట అని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పిస్తారు. ఆయన చెప్పేది ఇది: "ఇంటి ముందట నిలబడి పిల్ల ఏదమ్మా అంటే, ఇంటికాడ్నే ఉంటది సార్ అంటరు. ఇంట్ల చూస్తే ఉండదు. చేన్ల ఉంటది."

ఆ చేను సీడ్ పత్తి చేను. గద్వాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం ఆడ మొక్క మీద విచ్చుకోబోయే మొగ్గని పట్టుకుని రేకులు, పుప్పొడి భాగం ఊడబెరకాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కో చెట్టు, ఒక్కో పువ్వు, నెలల తరబడి రోజూ చెయ్యాలి. చిన్న చేతులు, చెట్టు ఎత్తుకి సరిపోయే మనిషి, తక్కువ కూలీ... ఇంకేం కావాలి? ఈ పనిలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎక్కువగా ఉంటారని 1990ల చివర్నుంచీ పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. పాపం ఆ పని సీజను కూడా సరిగ్గా బళ్ళు తెరిచిన తర్వాతే వస్తుంది.

రెండోది వలస. పాలమూరు లేబర్ అనే మాట ఊరికే పుట్టలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె, బెంగళూరు పోయే కుటుంబాలు పిల్లల్ని ఎక్కడ వదులుతాయి? తీసుకుపోతే అక్కడ చంటిదాన్ని ఆడించేది పెద్దపిల్లే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అట్టడుగు. ఉమ్మడి నల్గొండ 64 శాతం. అప్పటి రాష్ట్ర సగటు 67.

ఇలాంటి చోట్ల పనిచేసే ఎం.వి. ఫౌండేషన్ పేరు వినే ఉంటారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి వెట్టిలో, పొలాల్లో ఉన్న పిల్లల్ని బయటికి తీసి, బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదువు పట్టించి బళ్ళలో చేర్చారు. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి తొలి అధ్యక్షురాలయ్యారు. వాళ్ళ సూత్రం చాలా సింపుల్: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. కూలీకి పోతోందా, ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుంటోందా, ఖాళీగా ఉందా అనే తేడాలే వద్దు. ఎందుకంటే ఆ తేడాలు ఒప్పుకున్న రోజు ప్రతి ఇంటికీ ఒక సాకు దొరుకుతుంది. ఇప్పుడు హోంస్కూలింగ్ వాళ్ళు అడిగేది సరిగ్గా ఈ సూత్రంలో ఒక మినహాయింపు.

దీనికి ఇంకో ముడి ఉంది. 2016లో బాలకార్మిక నిషేధ చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, ఐతే ప్రమాదకరం కాని కుటుంబ పనిలో సాయం చెయ్యొచ్చు అన్నారు. ఎప్పుడు? బడి వేళలు అయిపోయాక, లేదా సెలవుల్లో. బడే లేని పిల్లకి బడి వేళలు ఏవి? మా ఆఫీసు మిత్రుడి కూతురికి ఈ ప్రశ్న రాదు. పత్తి చేను ఉన్న ఇంట్లో "మేం ఇంట్లోనే చదివిస్తున్నం సార్" అంటే మాత్రం ఇరవైనాలుగ్గంటలూ బడి అయిపోయిన తర్వాతి టైమే! ఒక చట్టంలో కొత్తగా ఒక కండిషన్ కలిపితే ఇంకో చట్టంలో ఎక్కడో ఉన్న లైను పగిలిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇదంతా చదివి "ఐతే హోంస్కూలింగ్ నిషేధించాల్సిందే అంటావా" అనకండి. ఇదే గడ్డ మీద ఇంకో కథ కూడా ఉంది.

నిజాం కాలంలో సర్కారీ చదువు ఉర్దూలో. తెలుగు పిల్లలకి తెలుగు అక్షరాలు చెప్పింది చాలావరకు ఇళ్ళల్లో, అరుగుల మీద, ఊరి జనం పంతుల్ని పెట్టుకుని నడిపిన ఖాన్గీ బళ్ళల్లో (ఖాన్గీ అంటే ప్రైవేటు). 1920ల్లో ఈ ఖాన్గీ బళ్ళకి ముందస్తు అనుమతి ఉండాలని సర్కారు నిబంధనలు పెట్టింది. కాగితం మీద చూస్తే తప్పేముంది? పిల్లల బాగు కోసమే అనిపిస్తుంది. కానీ అనుమతి అడిగితే ఇచ్చేదెవరు, ఎన్నాళ్ళకి ఇస్తారు? చాలా బళ్ళు మూతబడ్డాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, 1931లో మా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన రెండోది జరిగాయి. ఇద్దరూ పాలమూరు వాళ్ళే! ఈ ఖాన్గీ బళ్ళ నిబంధనలు ఎత్తెయ్యాలన్నది ఆ మహాసభల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. చదువు చెప్పడానికి సర్కారు అనుమతి కావాలనే షరతు ఎంత దూరం పోగలదో మన తాతల తరానికి అనుభవమే.

అదే కాలంలో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పిల్లలంతా ప్రభుత్వ బళ్ళకే పోవాలని చట్టం చేసింది. 1925లో వాళ్ళ సుప్రీం కోర్టు కొట్టేసింది. ఇవాళ అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో హోంస్కూలింగ్ చట్టబద్ధమే, కాకపోతే టెక్సాస్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు, న్యూయార్క్‌లో ప్లాను, రిపోర్టులు అన్నీ ఇవ్వాలి. జర్మనీలో పూర్తిగా నిషేధం. 2019లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా జర్మనీ చేసింది తప్పు కాదంది. అంటే నాగరిక దేశాలు ఇలా చేస్తాయి అని చూపించి గెలిచే వాదన కాదిది. మన లెక్క మనమే చేసుకోవాలి.

ఇంకో సంగతి, బడి వద్దు అనేవాళ్ళు మర్చిపోయేది. ఇంటి నుంచి పిల్లల్ని తీసుకుపోయి చదివించి బాగుచేసిన బడి కూడా మా జిల్లాలోనే పుట్టింది. పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో సర్వేల్‌లో (ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా) గురుకుల పాఠశాల పెట్టారు. తర్వాత వచ్చిన గురుకులాలకి, నవోదయలకి అదే నమూనా. తల్లీతండ్రీ చదువురాని ఇళ్ళ పిల్లలకి ఇల్లే బడి అంటే ఏం నేర్చుకుంటారు? 2020లో కరోనాకి బళ్ళు మూసినప్పుడు చూశాం కదా. సెప్టెంబరు నుంచి టీవీలో పాఠాలు వేశారు. ఫోను, టీవీ, అడిగితే చెప్పే మనిషి ఉన్న ఇంట్లో చదువు సాగింది, లేని ఇంట్లో పిల్లలు చేనుకి పోయారు.

మరి సర్కారు బళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయా అంటే అదీ లేదు. 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఒక్క పిల్ల కూడా లేని బళ్ళు దాదాపు ఎనిమిది వేలు. అందులో తెలంగాణవి రెండు వేల పైనే, మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ నల్గొండ జిల్లాలో, మూడు వందల పైచిలుకు. ఆ పిల్లలంతా హోంస్కూలింగ్‌కి పోలేదు లెండి, పసుపు రంగు బస్సెక్కి పక్క టౌన్లో ప్రైవేటు బడికి పోయారు. పర్యవేక్షణ చూస్తే చాలా మండలాల్లో హెడ్మాస్టర్లే ఎంఈఓ పని కూడా మోస్తున్నారు. ఇలాంటి యంత్రాంగానికి "ప్రతి ఇల్లూ తనిఖీ చేసి అనుమతి ఇవ్వండి" అని అప్పజెప్తే, ఖాన్గీ బళ్ళ కథే మళ్ళీ. కాకపోతే ఈసారి చెయ్యి తడిపినవాడికి అనుమతి దొరుకుతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. హోంస్కూలింగ్‌ని చట్టంలో పేరు పెట్టి రాయాలి. అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. మా పిల్లని ఇంట్లో చదివిస్తున్నాం అని మండల విద్యాధికారికి ఏడాదికోసారి ఒక కాగితం. సిలబస్ వాళ్ళిష్టం, భాష వాళ్ళిష్టం, గోడ మీద టైంటేబుల్ ఉందా లేదా అని ఎవరూ అడగకూడదు.

దానికి బదులుగా రెండే రెండు షరతులు. మొదటిది, ఏడాదికి రెండుసార్లు దగ్గర్లోని సర్కారు బడి టీచరు ఆ పిల్లతో ఒక అరగంట కూర్చోవాలి. పరీక్ష కోసం కాదు. పిల్ల ఉందా, ఆరోగ్యంగా ఉందా, తనకి తెలిసిన భాషలో నాలుగు ముక్కలు చదవగలదా, ఒక లెక్క చెయ్యగలదా, అంతే. అరచేతులు చూస్తే మా మామ లాంటి పంతుళ్ళకి మిగతాది తెలిసిపోతుంది. రెండోది, ఇంట్లో చదివే పిల్లలకి కుటుంబ పని మినహాయింపు వర్తించకూడదు. బడి వేళలు లేనప్పుడు బడి తర్వాత అనే సాకు కూడా ఉండకూడదు. ఇక ఏ రోజైనా బడిలో చేరతానంటే వయసుకి తగిన తరగతిలో తీసుకోవాలని 4వ సెక్షన్‌లో ముందే ఉంది, దాన్ని అమలు చేస్తే చాలు.

మా మిత్రుడికి ఇది చెప్తే ఒప్పుకోలేదు. "నా బిడ్డ సంగతి చూడనీకి సర్కారోడు ఎవడు?" అన్నాడు. కోపం అర్థమవుతుంది. కానీ 21ఎ ఇచ్చిన హక్కు నాన్నది కాదు, పిల్లది. నాన్న మంచివాడైనప్పుడు ఈ తేడా కనపడదు, అంతే. ఆయన కూతురికి అరగంట పోవడం వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. గద్వాల దిక్కు పదేళ్ళ పిల్లకి మాత్రం, ఏడాదికి రెండుసార్లు ఒక మనిషి వచ్చి పేరు పెట్టి పిలిచి, ఏదీ నువ్వు ఏం చదువుతున్నవు అని అడగడం చాలా పెద్ద సంగతి.

ఎం.వి. ఫౌండేషన్ సూత్రం నమ్మేవాళ్ళు ఏ మినహాయింపు ఇచ్చినా దుర్వినియోగం అవుతుంది అంటారని తెలుసు. కానీ మినహాయింపు ఇప్పటికే ఉంది కదండీ! లెక్కల్లో రాయని మినహాయింపు. కోకాపేటలో ఉన్నవాడికి స్వేచ్ఛ పేరుతో ఉంది, పత్తి చేలో ఉన్నదానికి ఎవరూ అడగకపోవడం పేరుతో ఉంది. రాసిపెట్టుకుంటే కనీసం ఇద్దర్నీ లెక్కపెట్టొచ్చు.