పరిగి దారిలో ట్రాలీకి వెనక కన్ను

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. మన్నెగూడ దగ్గర దారి చీలుతుంది. ఒకటి వికారాబాద్, అనంతగిరి కొండల వైపు. నేరుగా వెళ్తే పరిగి. వీకెండ్ బైకర్లలో చాలామంది మొదటి దారి పడతారు. మూసీ పుట్టిన చోటు, అనంత పద్మనాభస్వామి గుడి, మంచు పట్టిన ఉదయాలు... రీల్స్‌కు కావాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి మరి.

పరిగిలో ఆగేవాళ్లు తక్కువ. ఆగినా ఒక చాయ్ కొట్టి కొడంగల్ వైపు సాగిపోతారు. కానీ ఒక గంట ఆగి రోడ్డునే చూడండి. ఈ ప్రాంతం ఏం తింటుందో, ఏం అమ్ముతుందో అంతా మీ ముందునుంచే పోతుంది. వికారాబాద్‌కు, తాండూరుకు రైలు ఉంది. పరిగికి లేదు. పత్తి, మక్కలు, కందులు, బండలు, ఇటుకలు, మనుషులు అన్నీ రోడ్డు మీదే. అందులో ఎక్కువ బరువు మోసేది ట్రాక్టర్, దాని వెనక ట్రాలీ.

మన కారవాన్ ఇదే

విదేశీ ట్రావెల్ వీడియోల్లో కారు వెనక చిన్న ఇల్లు తగిలించుకుని ఊళ్లు తిరగడం చూసే ఉంటారు. దాన్నే కారవాన్ అంటారు. మన దగ్గర అలా లాక్కెళ్లేవి చాలా అరుదు. కానీ పోలేపల్లి ఎల్లమ్మ జాతరకో, తాండూరు భావిగి భద్రేశ్వర స్వామి రథోత్సవానికో ఊరు ఊరంతా కదిలిన రోజు చూడండి. ట్రాలీలో గడ్డి పరిచి, పైన తాడిపత్రి కట్టి, గిన్నెలు, పొయ్యి కట్టెలు, బియ్యం మూట, మేక, అవ్వ, మనవళ్లు. ముందు టేప్‌లో పాట. ఇది కారవాన్ కాకపోతే ఇంకేంటి? (ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకోవడం చట్టానికి విరుద్ధం, ప్రాణానికీ ముప్పే. ఆ మాట పక్కన పెట్టలేం.)

కారవాన్ లాగేవాడి కష్టం, ట్రాలీ లాగేవాడి కష్టం ఒకటే. ముందుకు పోవడం ఎవరికైనా వస్తుంది. వెనక్కి రావడమే అసలు పరీక్ష.

వెనక ఏముందో ఎవరికి తెలుసు?

సీట్లో కూర్చున్నవాడి వీపు నుంచి ట్రాలీ తోక దాకా ఇరవై అడుగుల దూరం ఉండొచ్చు. పత్తి నింపితే అది రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. అద్దం ఉన్నా పత్తే కనిపిస్తుంది. కొన్ని ట్రాక్టర్లకు ఆ అద్దం కూడా ఉండదు.

ఆ కనిపించని చోట ఏముంటుంది? కల్లంలో కందులు తిరగేస్తున్న పెద్దమ్మ ఉండొచ్చు. ట్రాలీ ఆగగానే దాని నీడలో కూర్చున్న కూలీ ఉండొచ్చు. నాన్న బండి వచ్చిందని ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన చిన్నోడు ఉండొచ్చు. వాడి ఎత్తు ట్రాలీ వెనక డోరు అంచు కంటే తక్కువ. పైన కూర్చున్నవాడు మెడ ఎంత తిప్పినా వాడు కనిపించడు.

ఇప్పటిదాకా మన కెమెరా ఒకటే. వెనక నిలబడ్డ తమ్ముడు. "రానీ... రానీ... జర ఎడమకు కొట్టన్నా... ఆపు, ఆపు!" ఇంజిన్ చప్పుడులో 'ఆపు' వినపడేసరికి గోడ తగులుతుంది. పాటల సౌండ్ బాక్సులు కూడా మోగుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

కారుకు రూలు వచ్చింది

ఇది మన పల్లెల సమస్య మాత్రమే కాదు. 2002లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక తండ్రి రాత్రిపూట తన కారును రివర్స్ చేస్తుండగా రెండేళ్ల కొడుకు కామెరాన్ దాని కింద పడి చనిపోయాడు. ఆ తండ్రి పిల్లల డాక్టర్. ఆ పిల్లాడి పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది. 2008లో దానిపై సంతకం పడింది. కొత్త కార్లన్నింటికీ వెనక కెమెరా తప్పనిసరి అయ్యింది మాత్రం 2018 మేలో. అంటే పిల్లాడు పోయిన పదహారేళ్లకు.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి చేశారు. కారు వెనక గోడ దగ్గరైతే బీప్ బీప్ మంటుంది కదా, అదే. ట్రాలీ ఆ లెక్కలో లేదు. కాబట్టి ఎవరో బిగించి ఇస్తారని ఎదురు చూడకుండా మనమే బిగించుకోవాలి. ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పూట పని. సామాను ఖర్చు కూడా కొన్ని వేలల్లోనే తేలుతుంది.

వైరా, వైర్‌లెస్సా, ఫోనా?

కొనేటప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఇదే.

ఫోన్‌కు కలిసే వైఫై కెమెరా: చవక. స్క్రీన్ కొనక్కర్లేదు. కానీ సరిగ్గా గోడకు జానెడు దూరంలో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేస్తే? బొమ్మ పోయి "అమ్మ కాలింగ్" వస్తుంది. పార్కింగ్‌లో కారుకు సరేగానీ, ట్రాలీకి వద్దు.

వైర్‌లెస్ కిట్: ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య వైరు లాగే పని లేదు. ట్రాలీలు మార్చి మార్చి తగిలించేవాళ్లకు సుఖం. చవక రకాల్లో బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం అంటే ఎంత? నడక వేగంతో, అంటే గంటకు 4 కిలోమీటర్లతో వెనక్కి వస్తే సెకనుకు 1.1 మీటరు కదులుతాం. బొమ్మ పావు సెకను వెనకబడితే మనం అప్పటికే 28 సెంటీమీటర్లు వచ్చేసి ఉంటాం. జానెడు పైమాటే. తీసుకుంటే డిజిటల్ రకమే తీసుకోండి. కెమెరాకు కరెంటు ఎలాగూ వైరుతోనే ఇవ్వాలని మర్చిపోకండి.

వైరు కిట్: కొంచెం చాకిరీ ఉంది. కానీ బొమ్మ ఆగదు, ఆలస్యం కాదు. దుమ్ము, కుదుపు, పక్కనే హైటెన్షన్ లైను ఉన్నా పని చేస్తుంది. ఒకే ట్రాలీ ఉన్నవాళ్లకు ఇదే మేలు.

స్క్రీన్ ఏడు అంగుళాలది చాలు. ఎండలో కనిపించడానికి పైన చిన్న గొడుగులాంటి మూత ఉన్నది చూడండి. కెమెరా మీద ఐపీ67 గానీ, ఐపీ69కే గానీ రాసి ఉండాలి. అంటే నీళ్లకూ దుమ్ముకూ ఆగుతుందని. రెండోది ప్రెషర్ పంపుతో కడిగినా తట్టుకుంటుంది. ట్రాక్టర్‌కు 12 వోల్టుల బ్యాటరీ, పెద్ద లారీలకు 24. రెండింటికీ పనికొచ్చే కిట్ తీసుకుంటే సెల్ఫ్ కొట్టినప్పుడు స్క్రీన్ ఆగి మళ్లీ మొదలయ్యే బాధ కూడా తగ్గుతుంది. చూపు మరీ వెడల్పుగా, 170 డిగ్రీలు అని రాసిన వాటిలో గోడ దూరంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. 120 చుట్టుపక్కల ఉన్నది నయం.

ఎక్కడ బిగించాలి?

చాలామంది చేసే పని, వెనక డోరు మధ్యలో బిగించడం. డోరు తీసిన రోజే కెమెరా పోతుంది. హైడ్రాలిక్ ట్రాలీ అయితే డబ్బా పైకి లేచినప్పుడు కంకర మొత్తం దాని మీదుగానే జారుతుంది.

అందుకే కదలని చాసిస్ మీద, టెయిల్ లైటు పక్కన, చిన్న ఇనుప గూడు వెల్డింగ్ చేయించి అందులో పెట్టండి. నంబర్ ప్లేటుకు అడ్డం రాకూడదు. డబ్బా లేవని మామూలు ట్రాలీ అయితే వెనక మూల కమ్మీ మీద కొంచెం ఎత్తులో పెట్టొచ్చు. అప్పుడు నేల ఎక్కువ కనిపిస్తుంది. కానీ పత్తి ఉబ్బి కప్పేస్తుందేమో చూసుకోవాలి. ఎక్కడ పెట్టినా, స్క్రీన్ అడుగున ట్రాలీ అంచు సన్నగా కనిపించేలా వంచండి. ఆ అంచు కనిపిస్తేనే దూరం అంచనాకు వస్తుంది.

కరెంటు పని

వైరును ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చాసిస్ వెంబడి లాగాలి. సైలెన్సర్‌కూ, తిరిగే పీటీవో షాఫ్టుకూ దూరంగా ఉంచాలి. కొక్కెం దగ్గర వైరు బిగువుగా ఉండకూడదు. ట్రాక్టర్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూసి, ఆ రెండు వైపులా సరిపోయేంత వదులు ఇవ్వండి. ఫోన్ రిసీవర్‌కు ఉండే చుట్టల తీగ లాంటిది దొరుకుతుంది, అది వాడితే ఇంకా మంచిది. అక్కడే ఊడదీసే ప్లగ్ పెట్టించండి. రేపు ట్రాలీ విప్పి రోటవేటర్ తగిలించాలి కదా. ప్లగ్‌కు మూత ఉండాలి, లేకపోతే ఒక్క వానకే తుప్పు.

ఎర్త్‌ను కొక్కెం ద్వారానే వస్తుందిలే అని వదలొద్దు. తుప్పు, రంగు, గ్రీజు మధ్యలో అది ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. వేరే వైరు లాగించండి. బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు వేయించండి. రివర్స్ లైటు లేని ట్రాక్టర్ అయితే డ్యాష్ మీద మామూలు స్విచ్ సరిపోతుంది.

ఇంకో రెండు మాటలు. వెనక కుడి పక్కన మనిషిని నిలబెట్టి చూడండి. స్క్రీన్ మీద కూడా కుడి పక్కే కనిపించాలి, అద్దంలో లాగ. తిరగబడితే సెట్టింగ్‌లో మార్చుకోవాలి. స్క్రీన్ మీద వచ్చే ఎరుపు, పసుపు, పచ్చ గీతల్ని ఆపేయండి. అవి కారు కోసం గీసినవి. ట్రాలీ మెలిక తిరిగేటప్పుడు అవి తప్పుదారే చూపిస్తాయి.

బిందె పరీక్ష

బిగించాక ఈ పరీక్ష చేయకుండా బండి తీయొద్దు. ఇంట్లో బిందె తెచ్చి ట్రాలీ వెనక నేల మీద పెట్టండి. కూర్చున్న పసివాడు ఇంచుమించు అంతే ఉంటాడు. సీట్లో ఒకరు స్క్రీన్ చూస్తుంటే, ఇంకొకరు బిందెను కొంచెం కొంచెం జరపాలి. ఎక్కడ మాయమైతే అక్కడ సున్నంతో గీత గీయండి. అదే మీ కెమెరా చూడని చోటు. చక్రాల పక్కన, ట్రాలీ కింద అలాంటి చోట్లు తప్పకుండా ఉంటాయి. అలాగే ఒకటి, రెండు, మూడు మీటర్ల దగ్గర గీతలు గీసి, అవి స్క్రీన్ మీద ఎక్కడ పడుతున్నాయో గుర్తు పెట్టుకోండి. ఇది కంపెనీ గీతల కంటే వంద రెట్లు నయం.

స్టీరింగ్ మీదే

కెమెరా చూపిస్తుంది, తిప్పాల్సింది మీరే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక సులువు. స్టీరింగ్‌ను అడుగున పట్టుకోండి. ట్రాలీ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. రెండు చక్రాల ట్రాలీకి ఇది పక్కాగా పని చేస్తుంది. ముందు చక్రాలు కూడా తిరిగే నాలుగు చక్రాల ట్రాలీకి మెలికలు రెండు. ఆ లెక్క వేరు, ఖాళీ పొలంలో చాలా రోజులు నేర్చుకోవాలి. కొక్కెం దగ్గర కోణం ముడుచుకుపోతున్నట్టు అనిపిస్తే ఇంకా వెనక్కి నెట్టొద్దు. ముందుకు తీసి, సరిచేసి, మళ్లీ రండి. ఇందులో పరువు పోయేదేం లేదు.

తాండూరు వెళ్తే ఈ పని విలువ ఇంకా తెలుస్తుంది. పాలిషింగ్ యూనిట్ల సందుల్లో నీలం, పసుపు బండలు నిలువుగా పేర్చిన బండ్లు వెనక్కి వస్తుంటాయి. ఒక్క కుదుపు చాలు, బండ పగిలిపోతుంది. పగిలిన బండకు ధర ఉండదు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందులు యార్డుకు వచ్చే రోజుల్లోనూ అంతే. సంచుల మధ్య, మనుషుల మధ్య వెనక్కి రావాలి.

స్క్రీన్ చూపించనిది

కెమెరా పెట్టాక వెనక మనిషి అక్కర్లేదా? కావాలి. కల్లంలో, యార్డులో, బడి దగ్గర తప్పకుండా కావాలి. అతను మీకు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. కనిపించకపోతే బండి ఆపేయడమే రూలు. రివర్స్ వేసే ముందు పాట ఆపండి. రోజూ పొద్దున కెమెరా అద్దాన్ని తడి గుడ్డతో తుడవండి. ఈ నేల ఎర్రదుమ్ము ఒక్క ట్రిప్పుకే దాన్ని మూసేస్తుంది.

కెమెరా మీకు వెనక చూపిస్తుంది. మీరు వెనకవాళ్లకు కనిపించాలంటే టెయిల్ లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీలు కావాలి. రాత్రిపూట హైవే పక్కన లైట్లు లేకుండా ఆగిన ట్రాలీ, బైక్ మీద వచ్చే కుర్రాడికి ఆఖరి క్షణం దాకా కనిపించదు. ఆ పట్టీల ఖర్చు కెమెరా ఖర్చులో పదో వంతు కూడా ఉండదు. ముందు అవి అతికించి, తర్వాత కెమెరా కొనండి.

అనంతగిరి ట్రిప్ ఈసారి వేసుకుంటే, తిరుగు దారిలో పరిగి మీదుగా రండి. ముందున్న ట్రాలీ రివర్స్ తీసుకుంటుంటే హారన్ కొట్టకండి, సందులోంచి దూరకండి. ఒక్క నిమిషం ఆగండి. పైన కూర్చున్నవాడికి మీరు కనిపించడం లేదు.